ఐదు గుర్రాలు, ఒక వెబ్‌సైట్, మోగని ఫోన్: విశాఖ వాళ్ళెవరైనా చూసి చెప్పండి

మంగమారిపేట_గుర్రాలు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. భీమిలి రోడ్డులో మంగమారిపేట దాటాక మాకో చిన్న షెడ్డు ఉంది. ఐదు గుర్రాలు: వెన్నెల, కాటుక, బంగారి, రాయుడు, మిరియం. మిరియం పొట్టిది, పిల్లల కోసం. పెళ్ళి ఊరేగింపులు, సాయంత్రం బీచ్‌లో సవారీలు, సెలవుల్లో పిల్లలకి స్వారీ నేర్పడం, అప్పుడప్పుడు ప్రీవెడ్డింగ్ షూట్లు. మా వ్యాపారం ఇంతే.

నాన్న ఉన్న రోజుల్లో నోటిమాట మీదే నడిచింది. ఇప్పుడు అందరూ నెట్‌లో వెతుకుతున్నారని పోయినేడాది తెలిసినవాళ్ళ అబ్బాయి చేత వెబ్‌సైట్ చేయించాను. 22 వేలు అయింది. ఎనిమిది నెలల్లో సైట్ చూసి ఫోన్ చేసినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకాయన గుర్రప్పేడ ఎరువుకి దొరుకుతుందా అని అడిగాడు. మిగతా బేరాలన్నీ షెడ్డు ముందు కట్టిన ఫ్లెక్సీ చూసి వచ్చినవే.

మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు, దాణా మాత్రం ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు. నావి కళ్ళున్న గుర్రాలు, ఇంకా ఎక్కువే తింటాయి. సైట్ లింకు కింద పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

మధురవాడ_కోడర్ · శనివారం రాత్రి 10:25

అన్నా, సైట్ తెరిచాను. తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేశాను కూడా.

మొదటి పేజీలో ఐదు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి కదా, ఒక్కోటి 6 ఎంబీ. ఫోన్ నుంచి తీసి తీసినట్టే ఎక్కించేశారు. దానికి తోడు తనంతట తాను ఆడే 9 ఎంబీ వీడియో. పేజీ మొత్తం 39 ఎంబీ. కైలాసగిరి మీద సిగ్నల్ ఊగుతున్నప్పుడు ఎవరైనా 'బీచ్‌లో గుర్రం సవారీ' అని వెతికి మీ పేజీ నొక్కితే, ఆ తెల్లటి తెర చూసి వెనక్కి పోతారు. నాలుగైదు సెకన్ల కంటే ఎవరూ ఆగరు, నేనూ ఆగను.

మీ ఫోన్ ఫోటో 4000 పిక్సెళ్ళ వెడల్పు ఉంది. చూసేవాళ్ళ ఫోన్ తెర మహా అయితే 1080, కొన్ని 1440. 1600 వెడల్పుకి తగ్గించి, జేపెగ్ నాణ్యత 75 దగ్గర పెట్టి దాచుకోండి. 200 కేబీకి అటూ ఇటూ వస్తుంది. కంటికి తేడా తెలియదు. వెబ్‌పీ ఫార్మాట్ అయితే ఇంకా తగ్గుతుంది. స్క్వూష్ అని బ్రౌజర్‌లోనే నడిచే ఉచిత పనిముట్టు ఉంది. ఫోటో పడేస్తే పక్కపక్కన ముందూ వెనకా చూపిస్తుంది. వీడియో తీసేయండి, కావాలంటే యూట్యూబ్‌లో పెట్టి లింకివ్వండి.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. మీ ఫోన్ నంబరు, రేట్లు, చిరునామా అన్నీ ఫ్లెక్సీ డిజైన్‌నే బొమ్మగా తెచ్చి అతికించారు. బొమ్మలో ఉన్న నంబరు నొక్కితే ఫోన్ కలవదు. ఆ అక్షరాలు బొమ్మలో భాగం కాబట్టి గూగుల్‌ వాటిని మామూలు అక్షరాల్లా చదువుకోదు. లోపల 'మా గురించి' పేజీ తెలుగు అయితే నా ఫోన్‌లో పిచ్చిగీతల్లా కనపడుతోంది. ఫ్లెక్సీ షాపువాళ్ళు అను ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ ఫాంటు లేని చోట ఆ అక్షరాలు చెత్తే. వెబ్‌కి ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగే కావాలి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, ఏదైనా పెట్టుకోండి, గూగుల్ ఫాంట్లలో ఉచితం.

ఇంకోటి. పై ఫోటోలో తెల్లగుర్రం వెనక మంచుకొండలున్నాయి. భీమిలి రోడ్డులో మంచు ఎప్పుడు పడిందన్నా?

వన్‌టౌన్_వాస్తవం · శనివారం రాత్రి 11:02

ఇవన్నీ ఎందుకండీ. ఐదు గుర్రాలున్న మనిషికి వెబ్‌సైట్ ఏటి? వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోండి, గూగుల్ మ్యాప్‌లో పేరు ఎక్కించుకోండి, ఇన్‌స్టాలో రీల్స్ వేయండి. అయిపోయింది. నాకు పూర్ణా మార్కెట్ దగ్గర బకెట్ల షాపుంది, పదేళ్ళ నుంచి వెబ్‌సైట్ లేకుండానే నడుస్తోంది. ఆ 22 వేలకి ఎన్ని బస్తాల ఉలవలు వచ్చేవో లెక్కేసుకోండి.

మధురవాడ_కోడర్ · శనివారం రాత్రి 11:20

గూగుల్ మ్యాప్ విషయంలో మీ మాటే రైటు, మొదట చేయాల్సింది అదే. బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. షెడ్డు, బోర్డు, రోడ్డు కనపడేలా వీడియో తీసి ధ్రువీకరించమని గూగుల్ వాళ్ళు అడగొచ్చు. ఒక పూట పని.

రీల్స్ ఒక్కటే నమ్ముకోవడం మాత్రం వద్దంటాను. నా చుట్టం ఒకావిడ చీరల వ్యాపారం మొత్తం ఒక సోషల్ మీడియా పేజీలోనే పెట్టుకుంది. ఒకరోజు పొద్దున్న ఆ ఖాతా లాక్ అయింది. నాలుగేళ్ళ ఫోటోలు, కస్టమర్ల మెసేజీలు అన్నీ అందులోనే. తిరిగొచ్చేసరికి శ్రావణమాసం వెళ్ళిపోయింది. సొంత డొమైన్‌లో చిన్న పేజీ ఒకటుంటే కనీసం మన బోర్డు మన చేతిలో ఉంటుంది.

వన్‌టౌన్_వాస్తవం · శనివారం రాత్రి 11:31

సరే, ఒక్క పేజీ. అంతకు మించి వద్దు.

జాలారిపేట_కెమెరా · ఆదివారం ఉదయం 6:15

కోడర్ గారు సైజుల గురించి చెప్పేశారు. నేను బొమ్మలోపలి సంగతి చెప్తాను. పదేళ్ళుగా ఇదే బీచ్‌లో పెళ్ళి ఫోటోలు తీస్తున్నాను.

మీ ఫోటోల్లో గుర్రం నల్లటి నీడలా ఉంది, వెనక సముద్రం తెల్లగా పేలిపోయింది. పొద్దున్నే తీశారని చూడగానే తెలిసింది. మన సముద్రం తూర్పున. సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. గుర్రాన్ని సముద్రానికి అడ్డంగా నిలబెట్టి తీస్తే వెలుతురంతా దాని వెనకే ఉంటుంది. గోవాలోనో ముంబైలోనో సముద్రం పడమర కాబట్టి అక్కడివాళ్ళు చెప్పే 'సూర్యాస్తమయం షాట్' మనకి తిరగబడుతుంది. ఇక్కడ నీడబొమ్మ కావాలంటే ఉదయం. గుర్రం ఒంటి మీది రోమం మెరుస్తూ వెనక నీలం సముద్రం కావాలంటే మధ్యాహ్నం దాటాక. ఎండ మీ వీపు వైపు నుంచి వచ్చి గుర్రం మీద పడుతుంది. మూడున్నర నుంచి నాలుగున్నర లోపు ముగించండి. ఆర్కే బీచ్‌లో అయితే సాయంత్రం అపార్టుమెంట్ల నీడ ఇసుక మీదకి వచ్చేస్తుంది, మీ వైపు తొట్లకొండ నీడ. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దుగూకిపోతుంది.

రెండోది దూరం. మీరు దగ్గరకి వెళ్ళి తీశారు. ఫోన్‌లో మామూలు లెన్సు చాలా వెడల్పాటిది. దగ్గర నుంచి తీస్తే దగ్గరున్న తల గంగాళంలా, వెనకకాళ్ళు మేకకాళ్ళలా వస్తాయి. పది పెద్ద అంగలు వెనక్కి వేసి 2ఎక్స్ జూమ్ పెట్టండి. ఫోన్ మీ కళ్ళ ఎత్తులో కాదు, గుర్రం పొట్ట ఎత్తులో పట్టుకోండి. అంటే మోకాళ్ళు వంచాలి. తప్పదు.

మూడోది రంగు. తెల్లగుర్రాన్ని చూస్తే ఫోన్ 'అబ్బో వెలుగెక్కువైంది' అనుకుని తగ్గించేస్తుంది, గుర్రం బూడిదరంగులో పడుతుంది. నల్లగుర్రాన్ని చూస్తే ఎదురు: వెలుగు పెంచి కాటుకని కాఫీపొడి చేస్తుంది. తెర మీద గుర్రాన్ని నొక్కి వేలు పైకి కిందకి జరిపితే వెలుగు మారుతుంది. వెన్నెలకి కాస్త పైకి, కాటుకకి కాస్త కిందకి.

అన్నిటికంటే ముందు లెన్సు తుడవండి. బీచ్‌లో అరగంట ఉంటే ఉప్పుతేమ పొరలా పట్టేస్తుంది. సగం మంది 'కెమెరా బాలేదు' అనేది దాని గురించే.

తాత_తరఫున · ఆదివారం ఉదయం 9:48

మా తాతగారికి 81. చిన్నప్పటి నుంచి గుర్రాల దగ్గరే పని. ఈ చర్చ చదివి వినిపించాను. ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తున్నాను.

"బావూ, బొమ్మలన్నీ చూశాను. ఒక్క దాంట్లోనూ కాళ్ళు సరిగ్గా అవుపడవు. ఇసకలో, గడ్డిలో దిగేసి నిలబెట్టారు. గుర్రాన్ని చూసేవాడు ముందు చూసేది డెక్క. మూతి కాదు. గట్టినేల మీద నిలబెట్టు. రోడ్డు వార సిమెంటు గచ్చయినా పర్లేదు. నాలుగు కాళ్ళూ విడివిడిగా అవుపడాలి. ఇటువైపు రెండు కాళ్ళ మధ్య అటువైపు కాళ్ళు తొంగిచూడాలి. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, ఎదర నుంచి, ఎనక నుంచి. తోక కట్టెయ్యకు, ఒదిలెయ్యి.

అమ్మకానికైతే పళ్ళ బొమ్మ కూడా ఉండాలి. వయసు నోటితో చెప్తే ఎవడు నమ్ముతాడు. సుడులు కూడా. నుదుటి సుడి, మెడ మీద సుడి, ఏది ఎక్కడుందో తీసి పెట్టుకో. మంచీ చెడ్డా అని కాదు, అది నమ్మేవాళ్ళు నమ్ముతారు. రెండు ఎర్రగుర్రాలు పక్కన పెడితే గుర్తుపట్టేది సుడితోనే."

పంచకళ్యాణి అని రాసుకున్నారట మీ సైట్‌లో బంగారి గురించి. నాలుగు కాళ్ళూ తెలుపు, మొహం తెలుపు ఉంటేనే ఆ మాట వాడాలని తాత అంటున్నారు. బంగారికి కుడి ముందుకాలు ఎరుపే కదా అని అడుగుతున్నారు.

మంగమారిపేట_గుర్రాలు · ఆదివారం మధ్యాహ్నం 1:15

తాతగారికి దండాలు. ఫోటోలో గడ్డి అడ్డొచ్చినా ఆ కాలు ఎలా పట్టేశారండీ! నిజమే, బంగారికి మూడు కాళ్ళే తెలుపు. సైట్ చేసిన అబ్బాయి రాశాడు, నేను చూసుకోలేదు. తీసేస్తాను.

మంచుకొండల గుర్రం కూడా ఆ అబ్బాయి నెట్‌లోంచి తెచ్చిందే. సిగ్గుగా ఉంది.

తోరణం_ఎంవీపీ · ఆదివారం మధ్యాహ్నం 2:30

నేను పెళ్ళి పనులు ఒప్పుకుని చేయిస్తాను, ఏడాదికి పదీ పదిహేను ఊరేగింపులకి గుర్రం మాట్లాడతాను. కొనేవాళ్ళ వైపు నుంచి చెప్తాను వినండి.

నేవీ కుటుంబాలు, స్టీల్ ప్లాంట్‌లో ఉత్తరాది వాళ్ళు బరాత్‌కి గుర్రం తప్పనిసరి అంటారు. మనవాళ్ళు ఇప్పుడిప్పుడు అడుగుతున్నారు. వాళ్ళందరి మొదటి ప్రశ్న రేటు కాదు. 'ఆ రోజు వచ్చేది ఈ గుర్రమేనా?' అని. రెండేళ్ళ క్రితం నాకు ఒకచోట తెల్లగుర్రం ఫోటో చూపించి అడ్వాన్సు తీసుకున్నారు. పెళ్ళిరోజు రాత్రి ఎనిమిదింటికి ఎర్రగుర్రం దిగింది. పెళ్ళికొడుకు తల్లి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అడిగితే 'తెల్లదానికి కడుపునొప్పి మేడం' అన్నాడు. నిజమే కావచ్చు. ముందే ఫోన్ చేయొచ్చు కదా.

కాబట్టి ఒక్కో గుర్రానికి ఒక్కో పేరాగ్రాఫు పెట్టండి. పేరు, వయసు, ఎత్తు, ఏ పనికి వస్తుంది, బ్యాండుకి బెదురుతుందా, టపాసులకి బెదురుతుందా. బెదిరేది ఉంటే బెదురుతుందని రాయండి. నేను దాన్ని ఊరేగింపుకి అడగను, ఫోటోషూట్‌కి అడుగుతాను. డీజే బాక్సు పక్కన ప్రశాంతంగా నిలబడ్డ గుర్రం వీడియో పది సెకన్లు చాలు నాకు. అలంకారంతో ఒకటి, జీను కూడా లేకుండా ఒకటి. ఫోటో కింద ఏ నెల తీశారో వేయండి.

మంగమారిపేట_గుర్రాలు · ఆదివారం సాయంత్రం 4:05

నెల వేయమన్నది చాలా మంచి మాట. వెన్నెల మా దగ్గరకి వచ్చినప్పుడు ఒళ్ళంతా బూడిదరంగు, పిర్రల మీద చుక్కలు. ఏటేటా తెల్లబడుతూ వచ్చింది. నాలుగేళ్ళ కిందటి ఫోటో చూసి ఒకాయన 'ఆ చుక్కల గుర్రం పంపండి' అన్నాడు. ఇదే అది అంటే నమ్మడే!

తాత_తరఫున · ఆదివారం సాయంత్రం 4:40

తాత నవ్వుతున్నారు. తెల్లగుర్రాల్లో చాలావరకు పుట్టినప్పుడు నల్లగానో ఎర్రగానో ఉంటాయట. రోమం నెరుస్తుంది గానీ కింద చర్మం నల్లగానే ఉంటుందట. 'మూతి దగ్గర చూడు, నల్లగా అవుపడతాది' అంటున్నారు.

మంగమారిపేట_గుర్రాలు · ఆదివారం రాత్రి 8:20

ఇంకో సందేహం. పోయిన మాఘంలో ఒక పెళ్ళిలో కాటుక మీద పెళ్ళికొడుకు ఫోటో అద్భుతంగా వచ్చింది. వాళ్ళ ఫోటోగ్రాఫరు నాకు వాట్సాప్‌లో పంపాడు. అది సైట్‌లో పెట్టుకోవచ్చా? గుర్రం నాదే కదా.

జాలారిపేట_కెమెరా · ఆదివారం రాత్రి 8:55

గుర్రం మీదే, ఫోటో మీది కాదు. మా వాళ్ళు చాలామందికే తెలియని సంగతొకటి: 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షను ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవాళ్ళే. అంటే ఇక్కడ పెళ్ళివారు. ఫోటోగ్రాఫరు ఊరికే పంపినంత మాత్రాన సరిపోదు. పెళ్ళికొడుకుని అడగండి, 'మా పేజీలో పెట్టుకుంటాం' అని మెసేజ్ పెట్టి, సరేనన్న జవాబు దాచుకోండి. నూటికి తొంభైమంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఇంకా అసలు ఫైలు పంపమనండి, అది కూడా 'డాక్యుమెంట్'గా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిండి పిప్పి చేసి పంపుతుంది.

భీమిలి_బాధితుడు · సోమవారం ఉదయం 7:50

ఫోటోలు పెట్టేముందు నా అనుభవం కూడా వినండి. నా దగ్గర ఒక మార్వారీ జాతి ఆడగుర్రం ఉండేది. చెవులు లోపలికి వంగి కొసలు ఒకదానికొకటి తగిలేంత అందం. అమ్మకానికి పెట్టలేదు, ముచ్చటకి ఫోటోలు పెట్టుకున్నానంతే. నెల తిరక్కుండా ఎవడో అవే ఫోటోలతో 'అర్జెంటుగా అమ్మబడును' అని ప్రకటన వేశాడు. రేటు సగానికి సగం. విజయనగరం నుంచి ఒకాయన 15 వేలు అడ్వాన్సు కట్టి, ఫోటో వెనక బోర్డు మీద మా ఊరి పేరు చూసి వెతుక్కుంటూ నా గుమ్మం ముందుకి వచ్చాడు. నేను దొంగని కాదని ఆయనకి చెప్పడానికి గంటన్నర పట్టింది.

రెండో రకం: 'నేను నేవీ ఆఫీసర్ని, బేస్‌లో ఫంక్షన్, రెండు గుర్రాలు కావాలి, మా అకౌంట్స్ వాళ్ళు క్యూఆర్ పంపుతారు, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది' అంటాడు. యూనిఫారం ఫోటో, ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతాడు. మన ఊళ్ళో నేవీ అంటే నమ్మేస్తాం కదా. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వన్‌టౌన్_వాస్తవం · సోమవారం ఉదయం 8:30

నాకూ వచ్చింది ఆ నేవీ ఆఫీసర్ ఫోన్. నూట యాభై బకెట్లు కావాలన్నాడు. రంగు కూడా అడగలేదు, అక్కడే అనుమానం వచ్చింది.

మరి ఫోటో మీద అడ్డంగా పేరు కొట్టేస్తే పోలా?

జాలారిపేట_కెమెరా · సోమవారం ఉదయం 9:10

మూల మీద వేస్తే కత్తిరించేస్తారు. మధ్యలో వేస్తే గుర్రం కనపడదు. నేనైతే ఫోటోలోనే గుర్తు పెడతాను. జీను కింద వేసే గుడ్డ మీద షెడ్డు పేరు కుట్టించండి. మెడ పక్కన పట్టీ మీద కూడా. అది చెరపడం అంత తేలిక కాదు, పైగా ఊరేగింపులో ఉచిత ప్రచారం.

మధురవాడ_కోడర్ · సోమవారం ఉదయం 9:35

బాధితుడు గారి కథలోంచి ఇంకో జాగ్రత్త. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటోలోనూ ఎక్కడ తీశారో అక్షాంశం, రేఖాంశం దాగి ఉంటాయి. షెడ్డు చిరునామా ఎలాగూ అందరికీ చెప్తారు, పర్లేదు. ఇంటి పెరట్లో గుర్రాన్ని కట్టేసుకునేవాళ్ళు మాత్రం అది తీసేసి పెట్టాలి. స్క్వూష్‌లో తగ్గించి దాచుకుంటే ఆ సమాచారం మామూలుగా ఊడిపోతుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉంటుంది.

డెక్కలు_దాణా · సోమవారం రాత్రి 10:10

పశువైద్య శాఖలో పని చేసి రిటైరయ్యాను. అందరూ అమ్ముకోవడానికి ఫోటోలంటున్నారు. నేను వేరే ఉపయోగం చెప్తాను. దీనికి వెబ్‌సైట్ కూడా అక్కర్లేదు.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఒక్కో గుర్రాన్నీ అదే చోట, అదే గోడ ముందు, అదే దూరం నుంచి పక్కవాటంగా తీయండి. రోజూ చూసే కళ్ళకి గుర్రం చిక్కడం తెలియదు. మూడు నెలల ఫోటోలు వరసగా పెడితే పక్కటెముకలు తేలడం, మూపు దగ్గర కండ తరగడం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఒంటి తీరుకి 1983లో హెనెకే అనే ఆయన తయారుచేసిన 1 నుంచి 9 వరకు మార్కుల పద్ధతి ఉంది. 5 అంటే సరైన ఒళ్ళు. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేత్తో తడిమితే తగలాలి. ప్రతి నెలా ఫోటోతో పాటు ఆ అంకె కూడా రాసి పెట్టుకోండి.

గాయమైతే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీయండి. పెరిగిందా మానిందా అని డాక్టరుకి ఫోన్‌లో చెప్పడం కంటే అది నయం. కుంటుతోందనిపిస్తే ఫోటో పనికిరాదు, వీడియో కావాలి. గట్టినేల మీద, తాడు వదులుగా పట్టుకుని, కెమెరా నుంచి దూరంగా ఒకసారి, కెమెరా వైపు ఒకసారి, పక్కనుంచి ఒకసారి నడిపించండి. తర్వాత అదే చిన్న పరుగులో. తల ఎగరేయడం చూస్తే ఏ ముందుకాలో పట్టేయొచ్చు: నొప్పికాలు నేలకానినప్పుడు తల పైకి లేస్తుంది. మాట్లాడకండి, డెక్క చప్పుడు వినపడాలి.

ఇంకో మాట. కొత్త గుర్రాన్ని ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కొనేవాళ్ళు గ్లాండర్స్ పరీక్ష కాగితం అడగండి. అది గుర్రం నుంచి మనిషికీ అంటే జబ్బు. పాజిటివ్ వస్తే కబురు ప్రభుత్వానికి చేరాల్సిందే. హర్యానాలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో దీనికి పరీక్షలు చేస్తారు. మెరిసే ఫోటో ఎన్ని వందలు చూసినా ఆ ఒక్క కాగితానికి సాటి రావు. కాగితంలో రాసిన గుర్తులు, సుడులు ఫోటోలో గుర్రంతో కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఇక్కడే తాతగారి సుడుల ఫోటో పనికొస్తుంది.

మంగమారిపేట_గుర్రాలు · గురువారం రాత్రి 9:00

ఈ మధ్యాహ్నం మూడున్నరకి మొదలుపెట్టాం. నేను, మా కుర్రాడు, మా ఆవిడ. ఏం చెప్పమంటారు.

వెన్నెల బంగారుతల్లి, ఎలా నిలబెడితే అలా నిలబడింది. రాయుడు మూడు కాళ్ళు పెట్టి నాలుగోది పెట్టడు. నాలుగోది సర్దితే మొదటిది ఎత్తుతాడు. చెవులు ముందుకి రావాలని మా కుర్రాడు చిప్స్ ప్యాకెట్ చప్పుడు చేశాడు. చెవులు లేచాయి. రెండోసారి కూడా లేచాయి. మూడోసారి ప్యాకెట్‌లో ఏమీ లేదని రాయుడికి అర్థమైంది, ఇక లేవలేదు. ఆఖరికి రోడ్డు మీద సోంపాపిడి బండివాడు గంట కొడితే ఐదు గుర్రాలూ ఒక్కసారి అటు తిరిగాయి. ఆ ఒక్క ఫోటోనే మొదటి పేజీకి.

ఇరవై రూపాయల సోంపాపిడి కొనక తప్పలేదు. మిరియం తినబోతే మా ఆవిడ లాక్కుంది.

దౌడు తీస్తున్న ఫోటో మాత్రం ఒక్కటీ రాలేదు. అన్నీ మసక.

జాలారిపేట_కెమెరా · గురువారం రాత్రి 9:40

సోంపాపిడి గంట! నా బ్యాగులో పెట్టుకుంటాను రేపటి నుంచి.

దౌడుకి వెలుగు ఎక్కువున్నప్పుడు తీయండి, షట్టర్ సెకనులో వెయ్యో వంతు ఉండాలి. ఫోన్‌లో బరస్ట్ పెట్టి వరసగా ఇరవై తీసి ఒకటి ఏరుకోవడమే. గుర్రాన్ని వెంబడిస్తూ ఫోన్ తిప్పాలి, నిలబెట్టి ఉంచితే కుదరదు. ఏ క్షణం బాగుంటుందో మన కంటికి అందదు. ఒకప్పుడు చిత్రకారులు ముందుకాళ్ళు ముందుకి, వెనకకాళ్ళు వెనక్కి చాపినట్టు గీసేవారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన బాట వెంబడి వరసగా కెమెరాలు పెట్టి తీసేదాకా తెలియలేదు, దౌడులో నాలుగు కాళ్ళూ గాల్లో ఉండేది కాళ్ళు పొట్ట కిందకి ముడుచుకున్నప్పుడని. మీరూ ఆ ముడుచుకున్న ఫ్రేమునే ఏరండి, అదే ఎగురుతున్నట్టుంటుంది.

డ్రోన్ షాట్ అని ఎవరైనా ఆశపెడితే మాత్రం ఒప్పుకోకండి. విశాఖలో నేవీ స్థావరాలున్నాయి, ఐఎన్ఎస్ డేగా అనే నేవీ విమానాశ్రయం ఉంది. డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎర్రరంగు ఉన్నచోట బుల్లి డ్రోన్ కూడా అనుమతి లేకుండా ఎగరకూడదు. పైగా ఆ రొదకి గుర్రం సముద్రంలోకి దూకినా ఆశ్చర్యం లేదు.

తోరణం_ఎంవీపీ · శుక్రవారం ఉదయం 10:20

రేట్లు పెడుతున్నారా లేదా? 'రేటు కోసం ఇన్‌బాక్స్' అని రాస్తే నేను ఆ పేజీ మూసేస్తాను.

వన్‌టౌన్_వాస్తవం · శుక్రవారం ఉదయం 10:45

పెట్టొద్దు. పెడితే పక్కవాడు వంద తగ్గించి పెడతాడు. బేరం మన ఊరి అలవాటు, చెడగొట్టకండి.

తోరణం_ఎంవీపీ · శుక్రవారం ఉదయం 10:52

బకెట్ కాదండీ అది. పెళ్ళివారికి అర్ధరాత్రి బేరం ఆడే ఓపిక ఉండదు. 'రెండు గంటలకి ఇంత నుంచి, గాజువాక దాటితే రవాణా అదనం' అని ఒక్క లైను చాలు.

మంగమారిపేట_గుర్రాలు · ఆదివారం రాత్రి 8:35

బీచ్ సవారీ రేటు పెట్టాను, పెళ్ళి రేటు 'నుంచి' అని పెట్టాను. ఇద్దరూ సగం సగం సంతోషించండి.

కోడర్ తమ్ముడు శనివారం షెడ్డుకే వచ్చి కూర్చుని సర్దిపెట్టాడు. డబ్బు తీసుకోలేదు, వాళ్ళ పాపని మిరియం మీద అరగంట తిప్పించుకున్నాడు. ఇప్పుడు ఒక్కటే పేజీ. అంతా కలిపి నాలుగైదు ఎంబీలే. పైన సోంపాపిడి ఫోటో, కింద ఒక్కో గుర్రానికి నాలుగు వైపుల ఫోటోలు, నెల, ఎత్తు. రాయుడి దగ్గర 'టపాసులకి బెదురుతాడు, ఊరేగింపుకి ఇవ్వం' అని రాశాం. రాసేటప్పుడు చెయ్యి ఆగింది గానీ రాసేశాను. ఫోటోకి పేరు కూడా ముందు ఏదో అంకెల వరస ఉండేది, ఇప్పుడు 'మంగమారిపేటలో సిమెంటు గచ్చు మీద నిలబడిన నల్ల మగగుర్రం కాటుక' అని వివరం ఇచ్చాడు. కళ్ళు కనపడనివాళ్ళకి ఫోన్ అది చదివి వినిపిస్తుందట. నంబరు నొక్కితే ఫోన్ మోగుతుంది. నేనే నాలుగుసార్లు నొక్కి చూసుకున్నాను.

మ్యాప్‌లో కూడా వచ్చింది. నిన్న సాయంత్రం అది చూసి ఒక కుటుంబం వచ్చింది. పిల్లవాడు దిగుతూనే 'మిరియం ఏది?' అన్నాడు.

తాత_తరఫున · ఆదివారం రాత్రి 9:20

కొత్త పేజీ తాతకి పెద్ద తెర మీద చూపించాను. అన్ని గుర్రాల కాళ్ళూ ఒక్కోటి పెద్దవి చేయించి చూశారు. బంగారి దగ్గర పంచకళ్యాణి తీసేసినందుకు సంతోషించారు.

కాటుక దగ్గర ఆగిపోయారు. "ఎడం ముందుకాలు లాడం సూడు. బయటివైపు మేకు తల లేచింది. లాడం కొంచెం పక్కకి జరిగినట్టుంది. ఆ గుర్రాన్ని రేపు ఎక్కించకు" అంటున్నారు. నాకైతే ఏమీ కనపడలేదు. మీరే ఒకసారి చూడండి.

మంగమారిపేట_గుర్రాలు · ఆదివారం రాత్రి 10:05

ఇప్పుడే టార్చి వేసుకుని షెడ్డులోకి వెళ్ళి కాలెత్తి చూశాను. ఒకటి కాదు, రెండు మేకులు లేచాయి. చేత్తో కదిపితే లాడం ఆడుతోంది. మూడు రోజులుగా అదే కాలు చూస్తున్నాను నేను, తోముతున్నాను కూడా.

లాడాలు కొట్టే ఆయనకి ఫోన్ చేశాను, పొద్దున్న ఏడింటికి వస్తానన్నాడు. రేపు కాటుకకి ఒక షూట్ ఉంది, వాళ్ళకి వెన్నెలని పంపుతామని మెసేజ్ పెట్టాను, ఫోటోతో సహా. తాతగారు ఇంకా మేలుకునే ఉంటే మిగతా నాలుగింటి కాళ్ళు కూడా దగ్గరనుంచి తీసి పంపమంటారా?